కలిపినది ఎక్కడ చేరింది?

అంబత్తూరు, చెన్నై

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

వరంగల్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. మెగ్నీషియం పెంచితే మన ఫౌండ్రీలో కరిగించి మూసపోసే అల్యూమినియం పోతలకు బలం వస్తుందన్న నీ సలహాకు మీ అమ్మ మురిసిపోయింది. నేను మాత్రం ఒప్పుకోలేను. అల్యూమినియంలో ఏది ఎంత కలిపామన్నదాని కంటే, అది లోపల ఏ రూపంలో, ఎక్కడ చేరిందన్నదే ముఖ్యం.

రాగినే తీసుకో. 548 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘన అల్యూమినియం సుమారు 5.65 శాతం రాగిని తనలో ఇముడ్చుకుంటుంది. చల్లారేసరికి ఆ శక్తి దాదాపు అడుగంటుతుంది. నిదానంగా చల్లారనిస్తే మిగులు రాగి ముద్దలు కట్టి పెద్దగా అక్కరకు రాదు. చప్పున నీటిలో ముంచితే బయటపడే వ్యవధి లేక లోపలే చిక్కుకుని, తరువాత మెల్లగా అతి చిన్న గుంపులుగా చేరి, స్ఫటికంలోని పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుపడుతుంది. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ నీటిలో చల్లార్చిన ఇటువంటి లోహం కొన్ని రోజులకు దానంతట అదే గట్టిపడటం గమనించాడు. ఆ గుంపుల జాడను 1938లో గినియర్, ప్రెస్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఎక్స్‌కిరణాలతో పట్టుకున్నారు.

మనం పోసే ఎల్‌ఎం25 అనే అల్యూమినియం మిశ్రలోహంలో ఆ పని మెగ్నీషియం, సిలికాన్ కలిసి చేస్తాయి. సిలికాన్ 7 శాతం ఉండేది ముఖ్యంగా లోహం మూసలోకి బాగా పారడానికి. అది పలకలుగా గడ్డకడితే పోత పెళుసవుతుంది కనుక, పీచులా సన్నబడేందుకు కొసరంత స్ట్రాన్షియం అనే లోహం వేస్తాం.

అసలు చెప్పవలసినది ఇనుము సంగతి. మొన్న ఒక విడత పోతలు లాగుడు పరీక్షలో సాగకుండానే పుటుక్కున విరిగాయి. మెగ్నీషియం సరిగానే ఉంది. తప్పు నాదే: ఉక్కు గరిటకు పూత ఊడిందని చూసి కూడా, ఆ రోజుకు గడిచిపోతుందిలే అనుకున్నాను. (అనుభవం ముదిరినవాడికే ఇటువంటి బద్ధకం వస్తుంది.) కరిగిన అల్యూమినియం ఉక్కును తినేస్తుంది, అలా చేరిన ఇనుము గడ్డకట్టే లోహంలో ఇమడలేక, సిలికాన్‌తో కూడి పలుచని రేకులవుతుంది. మైక్రోస్కోపు కింద అవి సూదుల్లా కనిపిస్తాయి. పగులుకు అవే దారి. మాంగనీసు కొద్దిగా వేస్తే వాటి ఆకారం మారి కీడు తగ్గుతుంది గాని, చేరిన ఇనుమును తీసివేయడం మన వంటి చిన్న ఫౌండ్రీలో అయ్యే పని కాదు. ఆ స్థితిలో మెగ్నీషియం పెంచి ఉంటే, పోత మరింత గట్టిపడి, మరింత తక్కువ సాగేది.

ఆ రోజు ముక్క ఒకటి, అంతకు ముందు రోజుది ఒకటి డబ్బాలో దాచాను. దసరాకు వచ్చినప్పుడు తీసుకెళ్లి మీ ల్యాబ్‌లో పాలిష్ చేసి చూడు. రెండింటిలోనూ సూదులు ఉంటే, పూత నేను చూసిన రోజు కంటే ముందే ఊడిందన్నమాట. అప్పుడు పంపేసిన సరుకును కూడా వెనక్కి తెప్పించాలి.

మీ నాన్న