పిల్లల పళ్ల వైద్యానికి వారానికో పూట కేటాయించాలి

సంపాదకుడికి నమస్కారం.

ఏరియా ఆసుపత్రుల్లోనూ జిల్లా ఆసుపత్రుల్లోనూ దంత విభాగం వారానికి ఒక పూట పిల్లలను మాత్రమే చూసేలా ఏర్పాటు చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను జనగామ జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా తరగతిలో పిప్పి పన్ను లేని పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది మా ఊరికే పరిమితమైన సంగతి కాదు. ప్రపంచం మొత్తం మీద 51 కోట్ల మందికి పైగా పిల్లలకు పాలపళ్లు పుచ్చిపోయి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి నివేదికలో అంచనా వేసింది.

ఈ పిల్లలను గుర్తించే ఏర్పాటు మనకు ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికి వచ్చి 30 రకాల ఆరోగ్య సమస్యలు ఉన్నాయేమో చూస్తాయి. పళ్ల సమస్యలూ అందులో ఉన్నాయి. పుచ్చిన పన్ను కనిపిస్తే పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ చాలాసార్లు పుస్తకాల సంచిలోనే నలిగిపోతుంది. తల్లిని పిలిచి అడిగితే, "పాల పన్నే కదా టీచర్, దానంతట అదే ఊడిపోతుంది" అంటుంది. ఒక రోజు కూలి పోతుందన్న బాధ ఒకటి. ఈ రెండింటినీ దాటి బయలుదేరిన తల్లికి పిల్లల భయం అడ్డం పడుతుంది. పళ్ల డాక్టర్ అనగానే ఏడుపు లంకించుకుంటారు.

నిరుడు వానాకాలంలో రెండో తరగతి పాప ఒకతె చెంప వాచి బడికి వచ్చింది. తల్లికి తోడుగా నేనూ ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో కూర్చున్నంతసేపూ లోపల డ్రిల్లు చప్పుడు, మధ్యమధ్య ఎవరో పెద్దాయన మూలుగు. తలుపు తెరిచినప్పుడల్లా నెత్తుటి దూది వేసిన బకెట్టు కనబడుతోంది. మా వంతు వచ్చేసరికే పాప వణికిపోతోంది. కుర్చీ ఎక్కనని తల్లి కొంగు పట్టుకుని వేలాడింది. ఏడుపు ఆపకపోతే ఇంకా పెద్ద సూది వేస్తారని వెనక నుంచి ఎవరో బెదిరించారు. చివరికి తల్లి చేతులు పట్టుకుంటే, ఆయా కాళ్లు పట్టుకుంటే, డాక్టర్ పన్ను తీశారు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. బయట వరండా నిండా జనం ఉన్నారు, లోపల ఉన్నది ఒక్కరే డాక్టర్, ఒకే కుర్చీ. ఆయనను నేను తప్పుపట్టడం లేదు. కానీ ఈ ఏడాది ఆరోగ్య బృందం వచ్చినప్పుడు ఆ పాప రెండు చేతులతో నోరు మూసుకుని బల్ల కిందికి దూరింది. మరో పన్ను పుచ్చిందని నాకు తెలుసు. చూపించడానికి ఒప్పుకోవడం లేదు.

మా అక్క కూతురు పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ అనే పీజీ చదువు చదివింది. ఆమెను అడిగితే అసలు చిక్కు ఎక్కడుందో చెప్పింది. మన పిల్లలు పళ్ల డాక్టర్ ముఖం మొదటిసారి చూసేది నొప్పి ముదిరి, చీము పట్టాకే. చీము ఉన్నచోట మత్తు సూది సరిగా పనిచేయదు. అంటే మొట్టమొదటి అనుభవమే నొప్పితో మొదలవుతుంది. ఆ భయంతో పిల్లలు తర్వాతి పన్నును దాచిపెడతారు, అదీ ముదిరాకే బయటపడుతుంది, మళ్లీ నొప్పి. మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోగా ఒకసారి డాక్టర్‌కు చూపించాలని అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ చెబుతుంది. మన పల్లెల్లో అంత తొందరగా సాధ్యం కాకపోవచ్చు. అంగన్‌వాడీ వయసులోనైనా, ఏ నొప్పీ లేని రోజున ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని దిగి వస్తే చాలు, సగం భయం పోతుంది.

పిల్లలకు భయం లేకుండా వైద్యం చేయడం కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. అడెల్‌స్టన్ అనే అమెరికా దంతవైద్యుడు 1959లోనే ఒక పద్ధతిని వివరించాడు. ముందు చెప్పాలి, తర్వాత చూపించాలి, ఆ పైన చేయాలి. అద్దం పిల్ల చేతికే ఇస్తారు. తిరిగే చిన్న బ్రష్షును మొదట గోరు మీద ఆడిస్తారు, చక్కిలిగిలి పెడుతుంది, పిల్ల నవ్వుతుంది. అప్పుడు గాని నోటి దగ్గరికి తీసుకెళ్లరు. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమంటారు, ఎత్తగానే నిజంగా ఆపుతారు. అలా ఒకసారి ఆపి చూపిస్తే పిల్లలు ఆ చెయ్యి మళ్లీ మళ్లీ ఎత్తరట. సూది వేయక తప్పనప్పుడు చిగురు మీద మొద్దుబార్చే జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మందును చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు. మన దగ్గర లేనిదల్లా ఆ ఒకటి రెండు నిమిషాలే. జెల్ ఖరీదైన వస్తువు ఏమీ కాదు. (పెదవి మొద్దుబారి ఉన్నంతసేపూ పిల్లలు దాన్ని తెలియకుండా కొరుక్కుంటారు. ఇంటికి పంపేటప్పుడు ఈ మాట తల్లికి చెప్పేవారు కూడా తక్కువే.)

ఏడ్చే పిల్లల నోటిని చేత్తో మూసి లొంగదీయడం ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న పద్ధతే. అమెరికా అకాడమీ 2006లో దాన్ని తన మార్గదర్శకాల నుంచి తీసేసింది. మన దగ్గర కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవడం ఇంకా మామూలు విషయంలాగే సాగుతోంది.

అసలు డ్రిల్లూ సూదీ లేకుండానే చాలా పళ్లను కాపాడవచ్చు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చిన చోట చిన్న బ్రష్షుతో అద్దితే పుచ్చు చాలావరకు అక్కడితో ఆగుతుంది. నొప్పి ఉండదు. పుచ్చిన భాగం నల్లగా మారుతుంది, అది ముందుగానే తల్లిదండ్రులకు చెప్పి ఒప్పించాలి. చేతి పనిముట్లతో మెత్తబడిన భాగాన్ని గీకి గ్లాస్ అయానమర్ సిమెంట్‌తో నింపే పద్ధతి ఇంకొకటి. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు, బడి వరండాలో చేయవచ్చు. ఈ రెండు పదార్థాలనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. మన ఆసుపత్రుల మందుల జాబితాల్లోనూ వీటికి చోటు ఉండాలి.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. "అల్లరి చేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా" అని బెదిరించడం దయచేసి మానండి. ఇంట్లో నాటిన ఆ భయాన్ని ఆసుపత్రిలో ఎవరూ పీకలేరు. నొప్పి అసలే ఉండదని అబద్ధమూ చెప్పకండి, చిటుక్కుమంటుంది, తొందరగా తగ్గిపోతుంది అని చెప్పండి. పాలపళ్లలో వెనక దవడ పళ్లు పదకొండు, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండవలసినవి. ఆరేళ్ల వయసులో వాటి వెనక ఒక పెద్ద పన్ను మొలుస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. మా బడిలో ఎక్కువగా పుచ్చిపోయి కనిపించేది అదే.

వైద్యారోగ్య శాఖ చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఉన్న కుర్చీ, ఉన్న డాక్టరే. వారంలో ఒక పూట, పసిపిల్లలు హుషారుగా ఉండే ఉదయం పూట అయితే మంచిది, పిల్లలకే ఇవ్వాలి. ఆ పూట పెద్దల పళ్లు పీకడాలు పెట్టుకోకూడదు. తల్లిని పక్కన కూర్చోనివ్వాలి. మొదటిసారి వచ్చిన పిల్లకు నొప్పి, వాపు లేకపోతే ఆ రోజు చూసి, మాట్లాడి పంపాలి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో పిల్లల దంతవైద్య విభాగం ఉంది. అక్కడి నిపుణుల చేత జిల్లాల డాక్టర్లకు, ముఖ్యంగా పిల్లలను పట్టుకునే పని మీద పడే ఆయాలకు, నర్సులకు శిక్షణ ఇప్పించాలి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలలు ఈ పని చేయగలవు.

జూన్‌లో బడులు తెరిచాక ఆరోగ్య బృందాలు మళ్లీ వస్తాయి. ఆ లోగా ఉత్తర్వులు ఇస్తే, వాళ్లు రాసే చీటీ మీద ఏ ఆసుపత్రిలో పిల్లలను ఏ రోజు చూస్తారో కూడా రాయవచ్చు. ఆ రోజున పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లడానికి మా బడి ఉపాధ్యాయులం సిద్ధంగా ఉన్నాం.

- ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, జనగామ జిల్లా