మహిళా సంఘం వార్షిక నివేదిక

అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది కుటుంబ నియంత్రణ మాటలన్నీ అంగన్‌వాడీ వరండాలోనే సాగాయి. నోరు తెరిచి అడగలేని వాళ్ళ కోసం జంతికల డబ్బా మూతకి కన్నం పెట్టి ఉంచాం. పేరు రాయకుండా చీటీ వేస్తే ఏఎన్‌ఎం (ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) గారు అందరి ముందూ విప్పి జవాబు చెప్పారు.

ఎక్కువ చీటీల్లో ఉన్నది ఒకటే బెంగ: కడుపు రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో ముట్టు ఆగిపోయింది, ఆ చెడు రక్తం ఎక్కడ చేరుతోంది? ఎక్కడా చేరదు. మందు వల్ల గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది, రాలడానికి ఏమీ ఉండదు. ఈ ముక్క సూదికి ముందే చెబితే రెండో డోసు మానరు. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మందు తొందరగా కరిగిపోయి మూడు నెలలూ నిలవదు. మానేశాక కడుపు రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు, వెంటనే బిడ్డ కావాలనుకునే వాళ్ళు ఇది చూసుకోవాలి.

కడుపు రాకుండా వేసుకునే ఛాయ మాత్రతో వచ్చే తప్పంతా లెక్కలోనే. ముట్టైన మొదటి రోజు మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండు రోజులు ఒక్కోటి, తర్వాత వారానికి ఒకటి. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర అలవాటున్న వాళ్ళు దీన్నీ రోజూ వేసేసుకుంటున్నారు. క్యాలెండర్ మీద కుంకుమ బొట్లు పెట్టించాక దారిలో పడ్డారు.

గర్వంగా చెప్పుకోవలసింది పాలకేంద్రం దగ్గర పెట్టిన మగవాళ్ళ సభ. హాలుకి పిలిస్తే ఒక్కరూ రాలేదు. పాలు పోయడానికి వచ్చినప్పుడే అరుగు మీద బొమ్మలు పరిచాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. బలం పోతుందా అని అడిగారు. పోదు, వీర్యకణాలు వచ్చే గొట్టాలు మూస్తారు గానీ వృషణాల జోలికి పోరు. కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి రావచ్చు, వారం రోజులు మాత్రం బస్తాలు మోయకూడదు. అందరూ మరిచేది తర్వాతి సంగతి: గొట్టాల్లో మిగిలిన కణాలు పోయేదాకా మూడు నెలలు నిరోధ్ వాడాలి, ఆపైన వీర్యపరీక్ష చేయించాలి. పరీక్ష మానేసి, ఈలోగా కడుపొస్తే నింద పడేది భార్య మీద! అరుగంతా నిశ్శబ్దమైపోయింది అక్కడే. నిరోధ్‌కి కొబ్బరినూనె రాస్తే రబ్బరు పాడై చిరుగుతుందన్నది కూడా చాలామందికి కొత్త.

పాలకేంద్రం వారికి, చాపలిచ్చిన గుడి కమిటీకి, ఆశా కార్యకర్తలకు, టీలు కాచిన వదినలకు, డబ్బా ఇచ్చిన పిన్నిగారికి, మైకు వాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు. వస్తామని రెండుసార్లు మాటిచ్చిన డాక్టరుగారు రెండుసార్లూ రాలేదు, కనీసం ఫోను కూడా లేదు. వాలంటీర్లుగా పేర్లిచ్చిన వాళ్ళలో సగం మంది గ్రూపు ఫొటో రోజునే కనబడ్డారు.

జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, ఆమోదించగలరు.

వచ్చే సభ కూడా పాలకేంద్రం దగ్గరే. ఈసారి పేరిచ్చే వాళ్ళు సాయంత్రం ఆరింటికి ఖాళీ ఉంటేనే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి