గేర్ ఆయిల్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే, మీ ఆటో పేజీలో ఇంజిన్ ఆయిల్ గురించి రాస్తారు గానీ మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ ఊసే ఉండదు, ట్రాక్ మీద కారు తోలేవాళ్లకి అది చాలా ముఖ్యం అండి. గేర్ ఆయిల్ గ్రేడుల్లో జీఎల్-4 కన్నా జీఎల్-5 పెద్ద నంబరు కదా, మంచిదేలే అని నేనూ పోసేశా, కొన్నాళ్లకి మూడో గేర్ వేస్తుంటే గరగరమని సౌండ్, ఆయిల్ దించి చూస్తే అడుగున బంగారు రంగు పొడి, ఇత్తడి సింక్రో రింగులు (గేర్ మార్చేటప్పుడు గేర్ల వేగాన్ని కలిపేవి) అరిగిన పొడి అది!! జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ ఎక్కువ, చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్‌లో గట్టి ఒత్తిడి మీద రాసుకుంటూ తిరిగే హైపాయిడ్ గేర్లకి అది కావాలి, కానీ కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి, పైగా మరీ జారుడుగా ఉంటే సింక్రోకి పట్టు దొరకదు. కారు బుక్‌లో 75డబ్ల్యూ-90 (ఆయిల్ చిక్కదనం) జీఎల్-4 అని ఉంటే అదే సింథటిక్‌లో పోయండి, వేడికి బాగా తట్టుకుంటుంది. గేర్‌బాక్స్‌లోనే ఎల్ఎస్‌డీ (ఒక చక్రం ఊరికే జారి తిరక్కుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉన్న కార్ల సంగతి వేరు, దాని మీద విడిగా రాయించండి ప్లీజ్.