అమ్మలుకి, టీ మార్కుల సంగతి

రాజమండ్రి

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

సుధ అత్తయ్య వాళ్ళ బుజ్జి తెచ్చిన నాలుగు టీ పెట్టెలూ అందాయి. అందాయని వాట్సాప్‌లో పెట్టాను గానీ నీలం టిక్కులు రాలేదు. దసరా ముందు నుంచీ నీ దగ్గర్నుంచి మాటే లేదు. పని ఎక్కువగా ఉండి ఉంటుంది. బుజ్జి శుక్రవారం బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికిస్తాను. కందిపొడి, నల్లకారం, ఉసిరి పచ్చడి కూడా ఇస్తోంది మీ అమ్మ. పచ్చడి సీసాకి తడి చెంచా తగలనివ్వకు.

ఏటా అమెరికాలో ఆకులు రంగు మారగానే కొత్త టీలన్నీ కొని మార్కులు వేసేది నువ్వు. ఈసారి నేనూ వేశాను. అటక మీంచి తాతయ్య తెల్ల పింగాణీ కప్పులు దింపి పద్ధతిగా చూశాను. నూరు మిల్లీలీటర్ల నీళ్ళకి 2 గ్రాముల ఆకు, మూత పెట్టి 6 నిమిషాలు. అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న కొలత అదే. పాలూ పంచదారా పడకూడదు. చెంచాతో తీసి గట్టిగా జుర్రితే గాలితో పాటు వాసన ముక్కు వెనక్కి ఎక్కుతుంది. నీకు చిన్నప్పుడే నేర్పాను, మన టీ పొడి కొట్లో తాతయ్య పక్కన కూర్చుని ఆయనకంటే గట్టిగా జుర్రేదానివి.

గుమ్మడికాయ టీకి పదికి 5. పెట్టె మీద చూస్తే గుమ్మడికాయ ముక్క ఒక్కటీ లేదు. దాల్చినచెక్క, అల్లం, లవంగం, జాజికాయ. అక్కడ గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకంలో వేసే మసాలా అది. 2003లో స్టార్‌బక్స్ వాళ్ళు కాఫీలో కలిపి అమ్మడం మొదలుపెట్టాక శరత్తు అంటే ఆ వాసనే అనిపించేలా చేశారు. వాసన బాగుంది, కాదనను. కానీ మసాలా కింద టీ లేదు. పైగా అందులో అతిమధురం వేరు ఉంది. తియ్యగా ఉండటానికి వేస్తారు. అది బీపీ పెంచుతుంది, మీ అమ్మ తాగకూడదు. నువ్వూ ఆ పెట్టె రోజూ తాగకు.

ఆపిల్ టీ దగ్గర చిత్రం జరిగింది. నేను వద్దంటున్నా మీ అమ్మ తన కప్పులో పాలు పోసింది, పోసీ పోయగానే విరిగిపోయాయి. ఎందుకంటే అందులో ఉన్నది టీ ఆకే కాదు. ఎండిన ఆపిల్ ముక్కలు, దాల్చినచెక్క, ఎర్రటి రేకులు. ఆ రేకులేమిటో తెలుసా, మన ఎర్ర గోంగూర కాయ మీదివే! పులుపంతా దానిదే. మన దొడ్లో గోంగూర ముదిరి కాయలు కాస్తే ఎవరం పట్టించుకోం, నువ్వు అక్కడ డాలర్లు పోసి కొంటున్నావు. ఈసారి ఆ రేకులు ఎండబెట్టి పంపుతాను, డబ్బు దండగ చెయ్యకు. పానీయంగా దానికి 7 వేశాను. డబ్బు జాగ్రత్త అని ఊరికే అంటున్నాను, ఏదో మనసులో పెట్టుకుని కాదు.

మేపుల్ చెట్టు పాకం వాసన వేసిన టీకి 4. మొదటి గుటకలో వాసన, రెండో గుటకకి వట్టి వగరు. నువ్వు 8 ఎలా వేశావో అర్థం కాలేదు. నీ మెసేజ్ మళ్ళీ తీసి చూశాను. మంగళవారం, మాకు రాత్రి ఎనిమిదిన్నర. అంటే నీకు పగలు పదకొండు. నిరుడు నీ మార్కులన్నీ శనివారాలే వచ్చేవి. ఈ ఏడు మంగళవారం, బుధవారం, మళ్ళీ గురువారం. ఇంటి నుంచే పని చేస్తున్నావేమో.

మీ కంపెనీలో చాలామందిని తీసేశారని సుధ అత్తయ్య ఎక్కడో విన్నదట. నేను వెంటనే మాట మార్చేశాను.

అన్నట్టు టీ పెట్టెలు ఎక్కడ పెడుతున్నావు? నువ్వు పెట్టిన ఫొటోలో పొయ్యి పక్కనే, కూరపొడుల డబ్బాల మధ్య ఉన్నాయి. తీసెయ్యి. టీ ఆకు ఏ వాసన దగ్గరుంటే ఆ వాసన పీల్చేస్తుంది. తాతయ్య రోజుల్లో నీలగిరుల్లోని కూనూరు నుంచి డస్ట్, అంటే సన్న టీ పొడి, తెప్పించేవాళ్ళం. అక్కడి వేలం 1963 నుంచీ ఉంది, అప్పుడింకా ఆన్‌లైన్ లేదు, బ్రోకరు నమూనాలు పంపితే రుచి చూసి ధర చెప్పేవారు. ఒకసారి నమూనా బ్రహ్మాండంగా ఉంది, సరుకు దిగింది. కొట్లో పని చేసే వీర్రాజు బస్తాలు విప్పి కలపబోతుంటే తాతయ్య ఆగమన్నారు. ప్రతి బస్తా నుంచీ చిటికెడు తీసి కాచి చూడందే ఆయన అమ్మేవారు కాదు. ఒక గుటక జుర్రి ఉమ్మేశారు. నోరు కడుక్కుని మళ్ళీ జుర్రారు. "ఇది మిరపకాయల లారీలో వచ్చింది" అన్నారు. డ్రైవరు ఒప్పుకోలేదు, ప్రమాణం చేశాడు. తాతయ్య పంచె పైకి కట్టుకుని లారీ ఎక్కి చెక్కల సందుల్లో వేలు పెట్టి గీకితే మిరప గింజలు వచ్చాయి. గుంటూరు నుంచి కోయంబత్తూరుకి మిర్చి వేసుకెళ్ళి, ఊడ్వకుండా మన టీ ఎక్కించుకొచ్చాడు. అడుగు వరస బస్తాలన్నీ పోయాయి. మంచిపొడిలో కొద్దికొద్దిగా కలిపేస్తే హోటళ్ళవాళ్ళు కనిపెట్టలేరని పక్క కొట్టాయన సలహా ఇచ్చాడు. తాతయ్య ఆ బస్తాలు విడిగా పెట్టించేశారు. ఆ రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చోకుండానే నాన్నమ్మకి చెప్పారు. ఎంత పోయింది, కోలుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది, అంతా. నాన్నమ్మ విని, "అయితే ఈసారి పండక్కి బట్టలొద్దు, లేవండి, పప్పు చల్లారిపోతోంది" అంది. ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు. నేను పక్క మంచం మీదే ఉన్నాను, నాకు తెలుసు.

మిర్చి వాసన టీకి ఎలా పడుతుందో చెబుదామని ఇదంతా రాశాను. గాలి దూరని డబ్బాల్లో పొయ్యికి దూరంగా పెట్టు.

నాలుగోది డార్జిలింగ్. దానికి 9. అక్కడ వర్షాలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో కోసే ఆకు ఇది. వసంతం కోత లేతగా, పచ్చిగా ఉంటుంది. ఈ కోతకి డికాషన్ రాగి రంగులో దిగుతుంది, వగరు తక్కువ, నోట్లో నిండుగా ఉంటుంది. పై నుంచి ఏ సువాసన నూనే చల్లక్కర్లేదు, శరత్తు ఆ ఆకులోనే ఉంది. ఇది ఎంత పెట్టి కొన్నావో గానీ ఆ డబ్బు వృథా కాలేదు. పాలు పొయ్యకు, మూడు నాలుగు నిమిషాలకి మించి నానబెట్టకు.

అన్నం తిన్న వెంటనే మాత్రం ఏ టీ అయినా తాగకు. తిండిలోని ఐరన్ వంటికి పట్టనివ్వదు. అసలే నీకు హిమోగ్లోబిన్ తక్కువ, కనీసం గంట ఆగాలి. రాత్రిళ్ళు టీ తాగి మేలుకుని కూర్చోకు. నిద్ర లేకుండా ఇంటర్వ్యూలకి, అంటే ఆఫీసుకి, వెళ్తే బుర్ర పని చెయ్యదు.

ఉద్యోగం పోతే నీలా ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి గరిష్ఠంగా 60 రోజుల గడువిస్తారట కదా, చదివాను. ఆ 60 రోజుల్లో ఒక్కరోజు కూడా మమ్మల్ని ఎలా సముదాయించాలా అని ఆలోచిస్తూ పోగొట్టుకోకూడదు. నీ పేరున వేసిన డిపాజిట్ సంగతి బ్యాంకులో కనుక్కున్నాను. గడువుకి ముందు తీస్తే వడ్డీ కొంచెం తగ్గుతుంది, అంతే. మేడ మీద గది ఖాళీగానే ఉంది, సున్నం వేయించాను. మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు, కానీ సున్నం ఎందుకు వేయిస్తున్నానని తను అడగలేదు.

ఆదివారం నీకు పొద్దున్న ఎనిమిదికి ఫోన్ చెయ్యి. ఉద్యోగం ఉందా లేదా, ఆ మాట ముందు చెప్పు. మేపుల్ టీకి 8 మార్కులెలా వచ్చాయో తర్వాత వాదించుకుందాం.

ఆశీస్సులతో
నాన్న

మీ అమ్మ రాయమంటోంది: కందిపొడి బుజ్జి పెట్టెలో అడుగున ఉందట. చలికోటు పాతదే వేసుకుంటున్నావా? తలకి నూనె రాసుకో.