చేతికి రాని లాభానికి చేతి నుంచి పన్ను

సంపాదకుడికి,

రుషికొండ, మధురవాడ ఐటీ కంపెనీల ఆఫర్ లెటర్లలో ఇప్పుడు జీతం కిందే ‘ఈసాప్’ (ఉద్యోగులకిచ్చే షేర్ల పథకం) అని ఇంకో పద్దు కనబడుతోంది. నాలుగు లక్షల రూపాయల షేర్లు అని రాసి, జీతంతో కలిపి కూడి మొత్తం ప్యాకేజీ చూపిస్తారు. నిజానికి అవి ఇంకా షేర్లు కావు, ఫలానా ధరకు షేరు కొనుక్కునే హక్కు (ఆప్షన్) మాత్రమే. కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం ఆ హక్కు వెస్ట్ కావడానికి, అంటే వాడుకునే వీలు రావడానికి, కనీసం ఏడాది ఆగాలి. ఆ హక్కును అమ్ముకోకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఉద్యోగి చనిపోతే మాత్రం అప్పటిదాకా ఇచ్చిన ఆప్షన్లన్నీ వారసులకు దక్కుతాయి. ఈ మాట ఇంట్లో చెప్పి ఉంచాలి.

అసలు చిక్కు ఎక్సర్‌సైజ్ చేసిన రోజు, అంటే ఆ హక్కు వాడి షేర్లు కొన్న రోజు, మొదలవుతుంది. వెయ్యి ఆప్షన్లు, ఒక్కో షేరు కొనే ధర 10 రూపాయలు అనుకుందాం. లిస్టు కాని (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని) కంపెనీ కాబట్టి షేరు విలువ మర్చంట్ బ్యాంకర్ కట్టాలి. ఆయన 510 అన్నాడు. తేడా 5 లక్షలు జీతం కిందికే వస్తుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి పన్ను 1,56,000. కంపెనీ దాన్ని టీడీఎస్‌గా, అంటే జీతంలోంచే ముందుగా, కోస్తే ఆ నెల పే స్లిప్పులో చేతికొచ్చేది దాదాపు ఏమీ మిగలదు. షేర్లేమో కొనే నాథుడు లేడు.

రెండేళ్ల తర్వాత కంపెనీ కుదేలై షేరు వంద రూపాయలకు అమ్మాల్సి వచ్చిందనుకోండి. చేతికి లక్ష వస్తుంది. అప్పటికే పన్నుకు, షేర్లకు కలిపి పెట్టింది 1,66,000. పన్ను శాఖ లెక్కలో కొన్న ధర 510 కాబట్టి 4.10 లక్షల మూలధన నష్టం. దాన్ని జీతంలో సర్దుకోనివ్వరు, మూలధన లాభాల్లోనే సర్దుకోవాలి, అదీ ఎనిమిదేళ్లలోపు. స్థలమో షేర్లో అమ్మే పని లేని ఉద్యోగికి ఆ లాభం ఎక్కడ దొరుకుతుంది?

2020 బడ్జెట్‌లో కేంద్రం స్టార్టప్ ఉద్యోగులకు ఊరట ఇచ్చింది, కాదనను. షేరు అమ్మేదాకా, ఉద్యోగం మానేదాకా, లేదా సుమారు ఐదేళ్లు, ఏది ముందైతే అప్పటిదాకా పన్ను వాయిదా. కానీ కంపెనీకి డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ) గుర్తింపు ఒక్కటే ఉంటే చాలదు, అంతర్ మంత్రిత్వ బోర్డు ధ్రువపత్రం కూడా ఉండాలి. పైగా ఉద్యోగం మారితే పన్ను వెంటనే మీద పడుతుంది. అంటే వాయిదా కాస్తా కాలికి గొలుసైంది.

గుర్తింపు పొందిన స్టార్టప్‌లన్నిటికీ ఈ వాయిదా ఇవ్వాలి. లిస్టు కాని షేర్ల మీద పన్ను అమ్మిన రోజే పట్టాలి, ఎక్సర్‌సైజ్ నాటి విలువ, అమ్మిన ధర, రెండిట్లో తక్కువదాన్ని బట్టి. ఖజానాకు ఆలస్యమవుతుంది నిజమే. కానీ రాని డబ్బు మీద వసూలు చేయడం ఏ లెక్కన న్యాయం?

చట్టం మారేలోగా, చేరేవారు హెచ్‌ఆర్ చూపించే స్లైడ్లతో సరిపెట్టుకోకుండా స్కీమ్ పత్రమే అడగాలి. మొత్తం షేర్లు ఎన్నో తెలియకుండా ‘పది వేల ఆప్షన్లు’ అంటే అర్థమే లేదు: కోటి షేర్లుంటే అది 0.1 శాతం, వంద కోట్లుంటే 0.001 శాతం. మానేశాక ఎక్సర్‌సైజ్‌కు ఎన్ని రోజులిస్తారో కూడా చూడాలి. తొంభై రోజులే అన్న స్కీములు చాలా ఉన్నాయి. ఆ మూడు నెలల్లోనే షేర్ల డబ్బు, పన్ను డబ్బు రెండూ చూసుకోవాలి, లేదంటే వెస్ట్ అయినవి కూడా రద్దవుతాయి.

- ఒక చార్టర్డ్ అకౌంటెంట్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం