వార్షిక నివేదిక: పాత జర్మన్ బాయ్‌నెట్ల మీది యూనిట్ ముద్రలపై మన సంఘం పని

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

జర్మనీలో స్థిరపడి, పాత సైనిక వస్తువుల మీద ఇష్టంతో ఒక్కచోట చేరిన తెలుగువాళ్ళ సంఘం మనది. ఈ ఏడాది కూడా నాణేలు, పోస్టుకార్డుల పని ఎప్పటిలాగే సాగింది. కానీ సమావేశాల్లో ఎక్కువ సమయం బాయ్‌నెట్ల (తుపాకీ మూతికి తగిలించే కత్తుల) మీది యూనిట్ ముద్రలకే, అంటే ఏ సైనిక దళానిదో చెప్పే గుర్తులకే పోయింది కాబట్టి నివేదికలోనూ దానికే పెద్దపీట వేశాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ముద్రలు చదివే తరగతులు

ఈసారి 1871 నుంచి 1918 వరకు, అంటే కైజర్ల (జర్మన్ చక్రవర్తుల) కాలపు ఆయుధాలకే పరిమితమయ్యాం. ముఖ్యంగా 71/84, 98/05 అనే బాయ్‌నెట్ మోడళ్ళు చూశాం. అప్పటి జర్మన్ సామ్రాజ్యంలో ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వ్యూర్టెంబెర్గ్ వేర్వేరు రాజులున్న రాజ్యాలు. చేతి ఆయుధాల మీద ఏ ముద్ర ఎలా కొట్టాలో ప్రష్యా సైన్యం 1877లో, మళ్ళీ 1909లో నిబంధనలు రాసిపెట్టింది. మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద ఇంటిపేరు కొట్టించుకున్నట్టే, ఇది ఫలానా దళం సొత్తు అని చెప్పడానికే ఈ ఏర్పాటంతా.

కొత్త సభ్యులు తడబడేది ముద్ర ఎక్కడుందన్న దగ్గరే. పిడి పక్కన బ్లేడు మొదట్లో కనిపించేది తయారీదారు గుర్తు. ఎర్ఫుర్ట్ అని ఉంటే అది ప్రభుత్వ ఆయుధ కర్మాగారం పేరు, అంతేగానీ ఎర్ఫుర్ట్ దళం అని కాదు. బ్లేడు వెన్ను మీద కిరీటం, దాని కింద రాజు పేరులోని మొదటి అక్షరం, రెండంకెల సంవత్సరం ఉంటాయి. కిరీటం, డబ్ల్యు, 15 అని ఉంటే 1915లో తనిఖీ చేసి సైన్యంలోకి తీసుకున్నారని అర్థం. ప్రష్యా రాజు, వ్యూర్టెంబెర్గ్ రాజు ఇద్దరూ రెండో విల్‌హెల్మ్‌లే, కాబట్టి డబ్ల్యు కనబడగానే ప్రష్యాది అనుకోకూడదు. యూనిట్ ముద్ర కోసం వెతకాల్సింది అడ్డపట్టీ (పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా ఉండే పట్టీ) మీద. చాలాసార్లు ఒర మీదా ఉంటుంది. రెండూ కలిస్తే ఆ జత మొదటి నుంచీ కలిసే ఉందని నమ్మడానికి మంచి ఆధారం.

తరగతుల్లో మేం వాడిన నమూనా ఇది: 76.ఆర్.5.92. ఇందులో 76వ పదాతి రెజిమెంట్ (ఆర్ అంటే రెజిమెంట్), అందులోని 5వ కంపెనీ అనే చిన్న దళం, ఆ కంపెనీలో 92వ ఆయుధం అన్న మూడు సంగతులున్నాయి. 76వది హాంబుర్గ్ రెజిమెంట్. డామ్‌టోర్ స్టేషన్ దగ్గర 1936లో కట్టిన స్మారకం ఆ రెజిమెంట్‌దే. హాంబుర్గ్ సభ్యులు రోజూ దాని పక్కనుంచే వెళ్తుంటారు కాబట్టి ఆ రోజు చర్చ ఎంతకీ తెగలేదు.

చుక్కల్ని, అక్షరాల వాలుని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. నిటారు అక్షరానికీ వాలు అక్షరానికీ అర్థం మారే సందర్భాలున్నాయి. ఆర్ రెండుసార్లు వస్తే రిజర్వు రెజిమెంట్ కావచ్చేమో ముందు చూడాలి. మొదట్లో బి ఉంటే బవేరియాది. ఈ ఒక్క అక్షరం చాలా ముఖ్యం. ఎందుకంటే సాక్సనీ, వ్యూర్టెంబెర్గ్ పదాతి రెజిమెంట్లు ప్రష్యా వాటితో ఒకే వరుస అంకెల్లో ఉండగా, బవేరియా మాత్రం తన అంకెలు తానే పెట్టుకుంది. బి అరిగిపోయిన ముద్రలో 11 కనబడితే, అది బవేరియా 11వ రెజిమెంటా, ప్రష్యాదా అన్నది వెన్ను మీది రాజముద్ర చూసి, మిగతా ఆనవాళ్ళతో పోల్చుకుని తేల్చాలి. ఒక ముద్రని గీతతో కొట్టేసి పక్కన ఇంకొకటి వేసి ఉంటే ఆయుధం చేతులు మారిందని అర్థం. అలాంటప్పుడు రెండూ నమోదు చేయాలి. అసలు యూనిట్ ముద్రే లేకపోతే అనుమానించక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చేసిన చాలా వాటి మీద అది ఉండదు.

ముద్ర నుంచి మనిషి వరకు

సభ్యులు ఎక్కువగా అడిగేది, ఇది ఎవరి చేతిలో ఉండేదని. ముద్ర మనల్ని కంపెనీ వరకే తీసుకెళ్తుంది, సైనికుడి పేరు చెప్పదు. ఆ పైన ఏం చేయగలమన్నది ఆయుధం ఏ రాజ్యానిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రష్యా సైన్యపు రికార్డుల్లో చాలా భాగం 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయింది. బవేరియా సైనికుల జాబితాలు మ్యూనిక్ యుద్ధ ఆర్కైవ్‌లో మిగిలాయి. ప్రష్యా రెజిమెంట్లకైతే అప్పట్లో అచ్చేసిన మృతుల, క్షతగాత్రుల జాబితాలు చూడొచ్చు. ఆ కంపెనీలో ఎవరెవరు పోయారో యుద్ధం మొదటి ఏళ్ళ జాబితాల్లో దొరుకుతుంది, ఎవరికి ఏ నంబరు ఆయుధం ఇచ్చారో దొరకదు. అందుకని మన రిజిస్టర్‌లో ఊహించిన పేర్లు రాయకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఇది కొందరికి నచ్చలేదు. అయినా నిలబడాల్సిన తీర్మానమే ఇది. చనిపోయిన మనిషి పేరుని ఆధారం లేకుండా ఒక ఆయుధానికి తగిలించడం అన్యాయం.

నకిలీలు, శుభ్రం చేయడం

పేరున్న రెజిమెంట్ ముద్ర ఉంటే ధర పెరుగుతుంది కాబట్టి దొంగ ముద్రలూ కొడతారు. ఈ ఏడాది ఒక సభ్యుడు సంతలో కొన్న బాయ్‌నెట్ మీద అంకెల అంచులు చేతికి గుచ్చుకునేంత కొత్తగా ఉన్నాయి, తుప్పు గుంటలు అంకెల కింద నలిగిపోయి ఉన్నాయి. అంటే తుప్పు ముందు పట్టింది, ముద్ర తర్వాత పడింది. నిజమైన ముద్రలో అంకెలు అడ్డపట్టీతో పాటే అరుగుతాయి, తుప్పు గుంటలు అంకెల్ని కోసుకుంటూ పోతాయి.

దయచేసి గరుకు కాగితంతో రుద్దకండి. ముద్ర లోతు చాలా తక్కువ, ఒక్కసారి పోతే తిరిగి రాదు. పల్చగా నూనె, మెత్తటి గుడ్డ చాలు. శుభ్రం చేయకముందే పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీయండి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే అంకెలు మాయమవుతాయి.

చట్టం

జర్మనీలో బాయ్‌నెట్‌ని బహిరంగంగా వెంట పెట్టుకుని తిరగకూడదు. సమావేశానికి తెచ్చేవాళ్ళు తాళం వేసిన పెట్టెలోనే తేవాలి. సెలవులకి వెళ్ళేటప్పుడు ఇండియా తీసుకెళ్ళొచ్చా అని చాలామంది అడిగారు. భారత ఆయుధ నిబంధనల్లో బాయ్‌నెట్ పేరు స్పష్టంగా ఉంది, దిగుమతికి లైసెన్సు కావాలి. సామానులో పెట్టుకుని వెళ్ళొద్దు.

వచ్చే ఏడాది

ఇంగోల్‌స్టాట్‌లోని బవేరియా సైనిక మ్యూజియానికి, సోలింగెన్‌లోని కత్తుల మ్యూజియానికి వెళ్ళాలని ప్రతిపాదన. అశ్వికదళం, ఫిరంగిదళం ముద్రలకు తెలుగులో ఒక పట్టిక తయారు చేయాలి, దానికి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కావాలి. తమ దగ్గరున్న ప్రతి ముక్కకీ అడ్డపట్టీ, బ్లేడు వెన్ను, ఒర మూతి ఫోటోలు మూడూ కార్యదర్శికి పంపాలని సభ్యులందరినీ కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి