కజాన్‌లో తక్కువ డబ్బుతో కడుపు నిండా తినొచ్చు, వెళ్లే పిల్లలకి ఆ దారి చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

రష్యాలో మెడిసిన్ చదివే మన పిల్లలు తిండికి పడే ఇబ్బందుల గురించి పోయిన వారం మీ పేపర్‌లో వచ్చింది కదా, అది చదివి ఈ ఉత్తరం రాస్తున్నా. ఇబ్బంది ఉన్నమాట నిజమే, నేను కజాన్‌లో ఆరేళ్లు ఉండి చదువుకుని వచ్చాను కాబట్టి నాకు తెలుసు. కానీ బ్రెడ్డు, మాంసం తప్ప అక్కడ ఏమీ దొరకదు, ఇండియన్ మెస్ లేకపోతే పస్తులే అన్నట్టు రాశారు, అది మాత్రం కరెక్ట్ కాదండి. అది చూసి ఎంతమంది అమ్మానాన్నలు భయపడిపోయి ఏజెంట్ చెప్పిన మెస్‌కి ఏడాది డబ్బులు ముందే కట్టేస్తారో అని బాధేసింది, ఎందుకంటే మా నాన్న కూడా అలాగే కట్టారు. రోజూ అదే నీళ్ల పప్పు, అదే బంగాళాదుంప, మూడో నెలకి తినలేక మానేశాను, కట్టిన దాంట్లో ఒక్క రూబుల్ కూడా వెనక్కి ఇవ్వలేదు.

ఆ తర్వాతే ఊళ్లో తిండి వెతుక్కోవడం మొదలుపెట్టా. నా క్లాస్‌లో తాతార్ అమ్మాయి ఒకామె ఉండేది (తాతారులంటే కజాన్ ప్రాంతపు స్థానిక జనం), తనే నన్ను మొదటిసారి స్తలోవయాకి తీసుకెళ్లింది. స్తలోవయా అంటే క్యాంటీన్ అన్నమాట, సోవియట్ రోజుల నుంచీ ఫ్యాక్టరీ వాళ్లు, ఆఫీసుల వాళ్లు, స్టూడెంట్లు మధ్యాహ్నం తినే చోటు. ట్రే తీసుకుని లైన్లో జరుగుతూ వెళ్తుంటే సలాడ్లు, సూపులు, వండినవి, కాల్చినవి అన్నీ కళ్లెదురుగానే ఉంటాయి, భాష రాకపోయినా వేలితో చూపిస్తే చాలు ప్లేట్లో పెట్టేస్తారు, చివర్లో కూర్చున్నావిడ ట్రే చూసి లెక్కేసి డబ్బులు తీసుకుంటుంది. గ్రేచ్కా అని ఒక గింజ ఉంటుంది, గోధుమరంగులో ఉంటుంది, ఉడికించి పెడతారు, మొదట మట్టి వాసన అనిపించింది గానీ రెండు వారాల్లో అలవాటైపోయింది, చలికాలంలో అది తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు. ఒక గ్రేచ్కా, ఉడికించిన క్యాబేజీ, బీట్‌రూట్ బంగాళాదుంప కలిపిన వినిగ్రేత్ సలాడ్, ఒక గ్లాసు కంపోత్ (ఎండు పళ్లు మరగబెట్టిన తియ్యటి నీళ్లు) ఇవన్నీ కలిపి నేనున్నప్పుడు 200, 250 రూబుల్స్‌లో అయిపోయేది. బ్రెడ్డు ముక్కకి కూడా లెక్కేస్తారు, పైన వేసే స్మెతానా మీగడకి కూడా వేస్తారు, అది తెలియక మొదట్లో అన్నీ ట్రేలో పెట్టేసుకునేదాన్ని. యూనివర్సిటీ బిల్డింగుల్లో ఉండే స్తలోవయాలు బయటవాటికంటే ఇంకా చవక.

బౌమన్ స్ట్రీట్ అని కజాన్ క్రెమ్లిన్ (ఊళ్లో ఉన్న పాత కోట) దగ్గర నుంచి తుకయ్ స్క్వేర్ దాకా, బండ్లు తిరగని, నడవడానికే ఉన్న వీధి ఒకటి ఉంది, కొత్తగా వచ్చిన పిల్లలందరూ అక్కడే తింటారు, లైట్లు బాగుంటాయి, ఫొటోలు బాగుంటాయి, కానీ చాలావరకు టూరిస్టుల రేట్లు. దాన్ని దాటి పక్క వీధుల్లోకి రెండు నిమిషాలు నడిస్తే ఆఫీసుల వాళ్లు తినే చోట్లు కనిపిస్తాయి. కొంచెం మంచి కేఫ్‌లో కూర్చుని తినాలనిపిస్తే సోమవారం నుంచి శుక్రవారం లోపు మధ్యాహ్నం వెళ్లాలి, అప్పుడు బిజినెస్ లంచ్ అని సూపు, సలాడ్, వేడి వంటకం కలిపి ఒకే రేటుకి ఇస్తారు, అదే టేబుల్ దగ్గర రాత్రి కూర్చుంటే బిల్లు చాలా ఎక్కువ అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కజాన్ తాతారుల ఊరు కదా, రోడ్డు పక్కన బేకరీల్లో మూడు మూలల పిండివంటలు వేడివేడిగా పెడతారు. నేను చేరిన పదో రోజో ఏమో, క్లాస్ అయ్యాక ఆకలి దంచేస్తోంది, అచ్చం సమోసాలా కనిపించింది, రెండు కొనుక్కుని సగం తినేశాక తెలిసింది అందులో గొడ్డుమాంసం ఉందని. దాని పేరు ఎచ్‌పోచ్‌మాక్, మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పెట్టి కాలుస్తారు, అక్కడివాళ్లకి ప్రాణం. మా ఇంట్లో తినరు. ఆ రాత్రి హాస్టల్లో ఎంత ఏడ్చానో, అమ్మకి ఫోన్లో చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. తప్పు ఆ బేకరీ వాళ్లది కాదు, పేరు పెద్ద అక్షరాలతో రాసే ఉంది, నాకే చదవడం రాదు. పక్క ట్రేలోనే కిస్తిబీ ఉంది, పల్చటి రొట్టెని మడిచి లోపల మెత్తటి బంగాళాదుంప పెడతారు, మన ఆలూ పరాటాకి దూరపు చుట్టం లాంటిది, చవక, కడుపు నిండుతుంది, ఆ తర్వాత ఆరేళ్లలో ఎన్ని తిన్నానో లెక్కే లేదు.

అందుకే వెళ్లే పిల్లలకి నేను చెప్పేది ఒకటే, విమానం ఎక్కేలోపు రష్యన్ 33 అక్షరాలు నేర్చుకోండి, వారం చాలు. ఇంగ్లీష్ పి లా కనిపించేది అక్కడ ర, సి లా ఉండేది స, హెచ్ లా ఉండేది న, బి లా ఉండేది వ, ఇవి తలకెక్కితే సగం బోర్డులు చదివేయొచ్చు. తర్వాత కొన్ని మాటలు. గవ్యాదినా అంటే గొడ్డుమాంసం, స్వినీనా అంటే పంది, కూరిత్సా అంటే కోడి, కర్తోష్కా బంగాళాదుంప, కపూస్తా క్యాబేజీ, త్వోరగ్ అంటే మన పనీర్ లాంటిది. పిరష్కీ అని పొడుగు బన్నులు ఎక్కడ చూసినా ఉంటాయి, పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల ఏముందో తెలియదు, కాబట్టి చేత్తో చూపించి "స్ చేమ్?" అని అడగాలి, దేంతో చేశారు అని అర్థం, వాళ్లు చెప్పే ఒక్క మాట మీకు తెలిసి ఉంటే చాలు. మాంసం లేకుండా కావాలంటే "బిజ్ మ్యాసా". ఎర్రటి బోర్ష్ సూపు చూసి కూరగాయలే కదా అనుకోవద్దు, మామూలుగా మాంసం మరిగించిన నీళ్లతోనే చేస్తారు. హలాల్ అని రాసిన చోట పంది ఉండదు గానీ గొడ్డుమాంసం ఉంటుంది, ఇది చాలామంది మర్చిపోతారు.

శాకాహారం వాళ్లకి ఇంకో మాట, ఈస్టర్‌కి ముందు ఏడు వారాలు అక్కడి క్రైస్తవుల్లో ఉపవాసం పాటించేవాళ్లు మాంసం, పాలు, గుడ్డు ముట్టరు, ఆ రోజుల్లో చాలా స్తలోవయాల్లో, కేఫ్‌ల్లో పోస్త్నయే మెనూ (ఉపవాసం మెనూ) అని విడిగా పెడతారు. మా రూమ్మేట్ పూర్తి శాకాహారి, ఆ ఏడు వారాల కోసం ఎదురుచూసేది. కాకపోతే ఉపవాసంలో కొన్ని రోజులు చేపకి పర్మిషన్ ఉంటుంది కాబట్టి అప్పుడు కూడా అడిగే తినాలి.

సూపర్‌మార్కెట్లలో వండిన కూరలు, సలాడ్లు అమ్ముతారు, అక్కడ రేటు చాలాసార్లు 100 గ్రాములకి రాసి ఉంటుంది, డబ్బా మొత్తానికి అనుకుని తీసుకుంటే కౌంటర్ దగ్గర గుండె ఝల్లుమంటుంది. హాస్టల్ కిచెన్లో వండుకునేవాళ్లు రష్యా దక్షిణాన క్రస్నదార్ వైపు పండే గుండ్రటి బియ్యం కొనుక్కోండి, బాస్మతి కంటే బాగా చవక, కాస్త ముద్దగా అవుతుంది, కెఫీర్ పోసుకుంటే పెరుగన్నం లెక్కే, కెఫీర్ మన పుల్లటి మజ్జిగకి దగ్గరగా ఉంటుంది. తాతారులు టీలో పాలు పోసుకుని తాగుతారండి, చాయ్ అనే అంటారు, మైనస్ ఇరవైలో బస్టాప్ నుంచి వచ్చి ఆ కప్పు పట్టుకున్న రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

డబ్బు విషయం కూడా రాయండి దయచేసి. 2022 మార్చి నుంచి మన దగ్గర ఇచ్చిన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయట్లేదు, చేతిలో రూబుల్స్ లేకపోతే ఎదురుగా ఎంత చవక తిండి ఉన్నా కొనలేరు. అక్కడి బ్యాంకులో అకౌంట్ తెరిచి మీర్ కార్డు (రష్యా వాళ్ల సొంత బ్యాంకు కార్డు) తీసుకునే దాకా క్యాష్ ఉండాల్సిందే.

అడ్మిషన్ల టైం వచ్చినప్పుడు మీ ఎడ్యుకేషన్ పేజీలో కాలేజీల ఫీజుల పక్కన ఈ మాటల లిస్టు కూడా చిన్న బాక్స్ కట్టి వేయమని నా రిక్వెస్ట్. ఆ తాతార్ అమ్మాయి నాకు రాసిచ్చిన చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది, రష్యన్ అక్షరాలు ఒక పక్క, నేను తెలుగులో రాసుకున్నవి ఇంకో పక్క, మీరు అడిగితే ఫొటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
కజాన్‌లో చదివి వచ్చిన ఒక డాక్టరు